తిత్తి మడతలో బొట్టు

సోమవారం

కొండమ్మక్కకు నూకరత్నం రాసేది.

అక్కా, ముందుగా నా రాతకు కోప్పడకు. నేను చదివింది నాలుగో తరగతి వరకే, ఆ తర్వాత కలం పట్టింది లేదు. ఒత్తులు ఎక్కడ పెట్టాలో తెలియక కొన్నిచోట్ల పెట్టాను, కొన్నిచోట్ల మానేశాను. గీత వంకర పోయినచోట మాత్రం తప్పు నాది కాదు, సముద్రానిది. ఇక్కడ ఇల్లు నిలకడగా ఉండదు. తెప్ప ఊగితే ఇల్లు ఊగుతుంది, ఇల్లు ఊగితే నా అక్షరం ఊగుతుంది.

ఉత్తరాల పడవ పద్నాలుగు రోజులకోసారి వస్తుంది. ఈ పొద్దున్నే వెళ్ళింది. అది మళ్ళీ వచ్చేదాకా రోజూ కాస్త రాసి దాచిపెడతాను. నువ్వు సారెలో పెట్టిన కాగితాలు ఇప్పుడు పనికొస్తున్నాయి. ఈ తెప్పలపేటలో కాగితం, సిరా ఎక్కడా కనపడవు. కుండలో కరగనిది ఏదైనా ఇక్కడివాళ్ళకు వింత వస్తువే.

కుండ అంటే ఏమిటో చెప్పలేదు కదూ. మీరు చెంబులతో తాగుతారు. మేము తిత్తులతో తాగుతాం. మంచినీళ్ళకు తిత్తి, అంబలికి తిత్తి, నిమ్మరసానికి తిత్తి. నాచు ఉడకబెట్టి, ఆ జిగురును రేకులా ఆరబెట్టి తిత్తి చేస్తారు. దాని ఒళ్ళు, మూత, పీల్చే గొట్టం అన్నీ ఆ రేకే. లోపల ఏముందో తెలియడానికి కూడా రంగు వాడరు, చెక్క అచ్చుతో ఒత్తుతారు. చేప గుర్తు తగిలితే మంచినీళ్ళు, కంకి తగిలితే అంబలి. తాగడం అయ్యాక బుట్టలో వేస్తే, కడిగి, ముక్కలు చేసి, మళ్ళీ కుండలో వేస్తారు. నిన్నటి తిత్తే రేపటి తిత్తి. పేట మొత్తానికి ఒకటే కుండ. మన పెళ్ళిపందిరి అంత ఉంటుంది. ఒంటిసరుకు కట్టుబాటు అంటే ఇదే. ఒక వస్తువులో ఒకే సరుకు ఉండాలి, రెండోది కలవకూడదు.

ఆ కుండకు తెడ్డు వేసేది గవరయ్య తాత. పందొమ్మిదేళ్ళుగా ఆయనే. ఇల్లూ వాకిలీ లేని మనిషి, కుండ పక్కనే చాప వేసుకుని పడుకుంటాడు. నేను వచ్చిన కొత్తలో తిత్తికి అంచు అతికించడం రాక ఏడుస్తుంటే, వేడి రాయిని ఎంతసేపు ఆనించాలో నా చెయ్యి పట్టుకుని నేర్పింది ఆయనే.

మా ఆయన సంగతి అడుగుతావని తెలుసు. పేరు రాయను, సిగ్గు. ఆయనా నాకు తగ్గ మనిషే. పెళ్ళయి మూడు నెలలైంది, మేము మాట్లాడుకున్న మాటలన్నీ రాస్తే ఈ కాగితం ఒక పక్క కూడా నిండదు. అత్త బంగారమ్మ అయితే నన్ను రోజూ అంటుంది, "నీ నోట్లో ముత్యాలున్నాయేటే కోడలా, తెరిస్తే సముద్రంలో రాలిపోతాయనా?" అని.

ఒక్క సంగతి నీకు మాత్రమే చెబుతున్నాను. అమ్మ కొత్త చేటకైనా, కొత్త చీపురుకైనా బొట్టు పెట్టకుండా వాడనిచ్చేది కాదు కదా. ఆ అలవాటుతో మొదటిరోజు ఆయన పడవలోకి తీసుకెళ్ళే నీళ్ళ తిత్తికి మూతి దగ్గర మడతలో చిన్న కుంకుమ బొట్టు పెట్టాను. మడత విప్పితేగాని కనపడదు. సాయంత్రం వచ్చాక ఆయన ఏమీ అనలేదు, కానీ చెవులు ఎర్రబడి ఉన్నాయి. అప్పటినుంచి రోజూ ఒక తిత్తికి పెడుతున్నాను. ఏ తిత్తికి పెట్టానో ఆయన వెతుక్కోవాలి. నువ్వు ఇచ్చిన కుంకుమ సగమైంది. అత్త కూడా శుక్రవారం పూజకని చిటికెడు చిటికెడు అడిగి తీసుకుంటోంది, మీ ఊరి కుంకుమ ఎరుపు బాగుందంటూ.

బుధవారం

ఈ రోజు ఆయన వలలో మూడు పొరల పెట్టె పడింది. ఆయనా, మామగారూ చేసే పని అదే. పాతకాలం వాళ్ళు పాలు, రసాలు పోసుకుని తాగి పారేసిన పెట్టెలు ఇప్పటికీ నీళ్ళలో తిరుగుతూనే ఉన్నాయి. వాటిని ఏరి తేవాలి. తెచ్చినా చేసేదేమీ లేదు, ఇనుప జల్లెడ గదిలో వేసి తాళం పెడతారు.

దాన్ని లోపల పడేసేముందు పిల్లలకు కాసేపు ఇస్తారు. పొరలు విడదీసిన వాళ్ళకు బెల్లం ముక్క. ఇంతవరకూ ఆ బెల్లం ఎవరికీ దక్కలేదు. ఎవరూ చూడనప్పుడు నేనూ గోటితో గీకి చూశాను. కాగితం లాగితే దాని వెంట ప్లాస్టిక్ వస్తుంది, ప్లాస్టిక్ లాగితే దాని వెంట వెండిలా మెరిసే పొర వస్తుంది. ఒకదాన్ని వదిలి ఒకటి రాదు. ఒక్క పూట తాగడానికి ఇంత గట్టి పెట్టె ఎందుకని గవరయ్య తాతను అడిగాను. వాళ్ళకు అతికించడం వచ్చింది గానీ విప్పడం రాలేదని చెప్పి నవ్వాడు. నవ్వితే ఆయన పళ్ళు ఇప్పటికీ ఎర్రగానే కనిపిస్తాయి. ఒకప్పుడు తెగ కిళ్ళీ నమిలేవాడట. తెడ్డు చేతికిచ్చిన రోజున మానేశాడట.

మధ్యాహ్నం అంబలి తిత్తి ఒకటి మామగారి చేతిలో అంచు విడిపోయింది. అంబలంతా ఒళ్ళో పడింది. అది కోడలు అతికించిన అంచు అన్నారు మామగారు. కాదు, ఏనుగులా నొక్కితే ఏ అంచు నిలుస్తుందని అత్త. వాళ్ళిద్దరూ అలా వాదించుకుంటుంటే నేను గుడ్డ తెచ్చి తుడిచాను. నిజం చెప్పనా, నాకు నవ్వాగలేదు.

శనివారం

ఇప్పుడు నవ్వు రావడం లేదు.

గురువారం మూడు తిత్తులు పగిలాయి, నిన్న తొమ్మిది. మావే కాదు, అన్ని ఇళ్ళవీ. అంచు దగ్గర సన్నటి చీలిక పుడుతుంది, చూస్తుండగానే పాకుతుంది. నేను రాయిని ఎక్కువసేపు ఆనించాను, తక్కువసేపు ఆనించాను, ఏం చేసినా అంతే.

నిన్న గవరయ్య తాత కుండలో జిగురు కాస్త పలకమీద పోసి వేలితో రాసి చూశాడు. నన్నూ రాయమన్నాడు. మెత్తటి జిగురులో ఇసకలాంటి పలుకులు తగిలాయి. తాత ఒక పలుకును గోటితో నలిపి చూశాడు. తర్వాత అన్నాడు, "ఇది సున్నం పనే. సున్నం తగిలితే నాచు జిగురు ఇలా గడ్డకట్టి పలుకులు తేలతాది. ఒక్కపాలి పడితే పోదు పిల్లా, ప్రతీ వంటకీ మిగిలిపోతాది, మీద మీద పెరుగుతాది."

పేటలో సున్నం ఎవరి దగ్గరా ఉండదు. ఇళ్ళకు సున్నం వెయ్యరు, గవ్వలు కాల్చరు. సున్నం అన్న మాట వినగానే ఊరంతా ఎటు చూసిందో నువ్వే ఊహించుకో. తాత పళ్ళవైపు.

సోమవారం

నిన్న దూరం వెళ్ళిన పడవ ఒకటి మధ్యలోనే తిరిగి వచ్చింది. ఆరు రోజులకని వెళ్ళినవాళ్ళు. మూడోరోజుకే మంచినీళ్ళ తిత్తులు సగం పడవ అడుగున ఖాళీ అయిపోయాయట. దిగిన ఇద్దరి పెదవులూ పగిలి ఉన్నాయి. ఒకాయన మాట్లాడబోతే గొంతు రాలేదు.

పేట పెద్ద పోలేశ్వరమ్మ గురువారం అందరినీ ఆరబెట్టే పలకల దగ్గరికి రమ్మంది. ఆ రోజు తాత చేతిలోంచి తెడ్డు తీసేస్తారని చెప్పుకుంటున్నారు. తెడ్డు పోతే కుండ దగ్గర ఉండనివ్వరు. కట్టుబాటు తప్పినవాణ్ణి ఉత్తరాల పడవలో నేలకు పంపేస్తారు. పందొమ్మిదేళ్ళు సముద్రం మీద ఉన్న ముసలాయన ఆ నేలమీద ఎవరింటికి వెళతాడు?

ఆయన మాత్రం కుండ దగ్గరే కూర్చుని తెడ్డుకు నూనె రాసుకుంటున్నాడు. తాతా, నిజంగా కిళ్ళీ వేసుకున్నావా అని అడుగుదామని వెళ్ళి, అడగలేక తిరిగొచ్చాను. అడిగితే నేను కూడా నమ్మినట్టే కదా.

మంగళవారం

అక్కా, ఈ రోజు గీత వంకర పోతే తప్పు నాదే. ఈసారి సముద్రానిది కాదు.

పొద్దున్నే తిత్తికి బొట్టు పెడదామని భరిణె చేతిలోకి తీసుకున్నాను. గుర్తుందా, పెళ్ళికి పదిరోజుల ముందు నువ్వూ నేనూ పెరట్లో కూర్చుని ఈ కుంకుమ చేశాం. నువ్వు పసుపు రోట్లో వేశావు. నేను దాంట్లో ఏం కలిపాను? సున్నం కలిపాను. పసుపు ఒక్కసారిగా ఎర్రబడితే ఎంత బాగుందో అని ఇద్దరం చూస్తూ కూర్చున్నాం.

మూడు నెలలుగా రోజుకొక బొట్టు. తాగిన తిత్తి కుండలోకి, కుండలోంచి పేట మొత్తానికి. ఆ పడవ వాళ్ళ పెదవులు గుర్తొచ్చి పీటమీద అలాగే కూర్చుండిపోయాను.

ఈ రోజు బొట్టు పెట్టలేదు. సాయంత్రం ఆయన పడవ దిగి నా ముఖం వంక ఒకసారి చూశారు. ఖాళీ తిత్తుల మడతలన్నీ విప్పి ఉన్నాయి, ఒక్కటీ వదలకుండా. నా మీద అలిగావా అని అడగలేరు. అలగలేదని నేను చెప్పలేను. ఇద్దరం అన్నం తిని రెండు మూలలా కూర్చున్నాం. రేపు తెల్లారకముందే వెళ్ళి గురువారం సాయంత్రానికి వస్తారట. ఆ సంగతి కూడా నాతో కాదు, గోడతో చెప్పారు.

గురువారం

అయిపోయింది. చెప్పేశాను.

పలకల దగ్గర పేటంతా ఉంది. నేను అత్త వెనక నిలబడ్డాను. పోలేశ్వరమ్మ పెద్దగా అరిచే మనిషి కాదు. మెల్లగానే అంది, "గవరయ్యా, నీ మీద నాకు కోపం నేదు. కానీ సున్నమన్నది ఈ పేటలో నీకు తప్ప మరెవులికీ అలవాటు నేదు. తెడ్డు కింద పెట్టు."

తాత వాదించలేదు. నేను వెయ్యలేదమ్మా అని ఒక్కమాట చెప్పి, తెడ్డును పలకకు ఆనించడానికి వంగాడు. నడుం పట్టుకుని వంగాడు. అది చూడలేకపోయాను.

సున్నం నాది అన్నాను. ఎవరికీ వినపడలేదు. ఏటంటాంది ఆ పిల్ల అని ఎవరో అడిగారు. మళ్ళీ అన్నాను. మా అత్తకు మాత్రం వినపడి చటుక్కున వెనక్కి తిరిగింది. మూడోసారి గొంతు నా అదుపులో లేదక్కా, పక్క తెప్పల వాళ్ళు కూడా వచ్చేంత పెద్దగా వచ్చింది.

"తాత కాదు. నా కుంకుమలో సున్నం ఉంది. నేనే తిత్తికి బొట్టు పెట్టాను."

అంతటితో వదులుతారనుకున్నాను. పోలేశ్వరమ్మ వదల్లేదు. బొట్టు ఎక్కడ పెట్టావని అడిగింది. మడతలో అన్నాను. మడతలో పెడితే ఎవరికి కనపడుతుందని అడిగింది. ఆడవాళ్ళు అప్పటికే మూతికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

"ఎవులి తిత్తికి పెట్టినావు?" అంది.

ఆ పేరు నేను ఎలా చెబుతాను? పేటంతా నా నోటివంక చూస్తోంది. నేను చెయ్యి చాచి సముద్రం వైపు చూపించాను.

"సముద్రానికి బొట్టెట్టినావా?" అంది పోలేశ్వరమ్మ. అంతే, అందరూ ఒక్కసారి పగలబడి నవ్వారు. దాహంతో తిరిగొచ్చిన పడవ మనిషి కూడా పగిలిన పెదవులు పట్టుకుని నవ్వాడు. తెప్ప ఊగిపోయింది. నేను పలకల సందులోంచి నీళ్ళలో దూకుదామా అనుకున్నాను. నవ్వనిది ఇద్దరే. గవరయ్య తాత, మా అత్త. అత్త ముఖం పాలిపోయి ఉంది. కోడలు పరువు తీసిందని కుమిలిపోతోందనుకున్నాను.

కొత్త పిల్ల, తెలియక చేసింది, పైగా తానే ముందుకొచ్చి చెప్పింది కాబట్టి పడవెక్కించబోమన్నారు. కుండలో జిగురంతా గుడ్డలో వడకట్టి పలుకులు తీసెయ్యాలి, అది నా శిక్ష. తాత వంగి తెడ్డు తీసుకున్నాడు. వెళుతూ వెళుతూ నా తలమీద చెయ్యి వేశాడు.

సాయంత్రం ఆయన వచ్చారు. దారిలోనే ఎవరో చెప్పేసినట్టున్నారు. గబగబా లోపలికి వచ్చి, వలలు కుట్టే సంచీ అడుగునుంచి ఒక చెక్కపెట్టె తీసి నా ముందు పెట్టారు. మూత తీశాను. అన్నీ బొట్లే. ప్రతి తిత్తిలోనూ బొట్టున్న మడత వరకూ కత్తిరించి, వేలి గోరంత ముక్కలు, ఒకదాని మీద ఒకటి పేర్చి పెట్టారు. ఎనభై మూడు ఉన్నాయి. లెక్క ఆయనే చెప్పారు.

"ఒక్కటీ కుండలో పడనేదు," అన్నారు. "తిత్తి ముక్క దాచుకోడం కూడా తప్పే. పోనీ. ఇప్పుడే ఎల్లి పోలేశ్వరమ్మకి సూపిస్తాను."

నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. "చూపిస్తే సున్నం నాది కాదని తేలుతుంది. అప్పుడు మళ్ళీ తాత మీదికే పోతుంది. వద్దు."

అక్కా, నేను ఆయనతో ఇన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడడం అదే మొదలు. ఆయన ఆ పెట్టె పట్టుకుని నన్నే చూస్తూ నిలబడ్డారు. తర్వాత నీళ్ళు తాగావా అని అడిగారు. లేదన్నాను. తిత్తి తెచ్చి, గొట్టం గుచ్చి నా చేతికిచ్చారు.

శుక్రవారం

వడకట్టడం ఇద్దరు చేసే పని. నాతో ఎవరొస్తారా అని చూస్తుంటే అత్త కొంగు బిగించుకుని వచ్చి గుడ్డ రెండో చివర పట్టుకుంది. తాత తెడ్డుతో జిగురు పోస్తున్నాడు, మేము గుడ్డ ఊపుతున్నాం. అడుగున తెల్లటి పలుకులు మిగులుతున్నాయి. తాత నీళ్ళకోసం పక్కకు వెళ్ళాడు.

"ఇవి నీవి కావే," అంది అత్త, గుడ్డ వంకే చూస్తూ.

నేను గుడ్డ ఊపడం ఆపేశాను.

"నా కొడుకు పెట్టె నాను ఎప్పుడో సూసినాను. వాడు ఆ ముక్కలు ఎందుకు దాస్తన్నాడో తెలవదేటి నాకు? ముప్పై ఏళ్ళయింది నాకు పెళ్ళయి. ఒక్క తిత్తికైనా నానేటి పెట్టినాను అనిపించింది. నీ దగ్గర కుంకుమ అడిగి తెచ్చి, నెల్నాళ్ళ నుంచి మీ మావ తిత్తులన్నిటికీ పెట్టినాను. ఒకటీ రెండూ కాదు, అన్నిటికీ. ఒకదానికి పెడితే ఆ మనిసికి ఆనదని."

"మామగారు ఏమన్నారు?"

"ఏటంటాడు, సూస్తే కదా. తాగుతాడు, బుట్టలోకి ఇసిరేస్తాడు. నా బొట్లన్నీ సక్కగా కుండలోకే పోయినాయి."

చెప్పి నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. రెండు చేతులూ గుడ్డ పట్టుకుని ఉండడంతో మోచేత్తో తుడుచుకుంది. నిన్న అందరిముందు చెప్పబోయిందట, ధైర్యం చాల్లేదట. ఇప్పుడైనా వెళ్ళి చెబుతానంది. నన్ను చూసి నవ్వడం ఎలాగూ అయిపోయింది, ఇంకోసారి ఎందుకు, తాతకు తెడ్డు ఉంది కదా అన్నాను. పగిలిన పెదవుల వాళ్ళింటికి మాత్రం వారంరోజులు ఇద్దరం నీళ్ళు మోయాలని అనుకున్నాం. అత్త కాసేపు గుడ్డ ఊపి, నీ నోట్లో ముత్యాలు లేవు గానీ గట్టి పళ్ళున్నాయే అంది.

ఆదివారం

వడకట్టడం అయిపోయింది. కొత్త రేకుతో చేసిన తిత్తిని తాత సాగదీశాడు, నలిపాడు, చివరికి దానిమీద కూర్చున్నాడు. పగల్లేదు.

నిన్న ఆయన చెక్కముక్క తెచ్చి తాత దగ్గర కూర్చుని ఏదో చెక్కారు. మధ్యలో ఒక చిన్న గుంట, అంతే. దాన్ని వేడిచేసి మడతలో ఒత్తితే రేకే పొంగి బొట్టంత బుడిపె అవుతుంది. రంగు లేదు, సున్నం లేదు, రెండో సరుకు అసలే లేదు. వేలితో తడిమితే తెలుస్తుంది. పొద్దున్నుంచి ముగ్గురు ఆడవాళ్ళు ఏదో పనున్నట్టు మా ఇంటికి వచ్చి ఆ అచ్చు అరువు పట్టుకెళ్ళారు. గురువారం అందరికన్నా ఎక్కువ నవ్వింది వాళ్ళే.

అత్త అందరూ వెళ్ళేదాకా ఆగి, నన్ను పక్కకు జరగమని, మామగారి తిత్తికి తానే ఒత్తింది. ఈసారి ఒక్కదానికే.

మధ్యాహ్నం మామగారు తిత్తి పట్టుకుని వచ్చారు. "ఏటే బంగారీ, ఇందులో ఏదో పొక్కు తగుల్తాంది. అచ్చు పాడైందేటి, గవరయ్యకి సెప్పనా?"

అత్త కొంగు సర్దుకుంది. నేను చేప తోముతున్న చేతులు ఆపి తల వంచుకున్నాను. మామగారు ఆ బుడిపెను వేలితో ఒకసారి తడిమారు. అత్త ముఖం చూశారు. మళ్ళీ తడిమారు. తర్వాత నెమ్మదిగా తాగి, తిత్తిని బుట్టలోకి విసరకుండా, నాలుగు మడతలు పెట్టి అత్త చేతికిచ్చి బయటికి వెళ్ళిపోయారు. ఆ వయసులో ఆయన చెవులు అంత ఎర్రబడడం నేను చూశాను.

రేపు ఉత్తరాల పడవ వస్తుంది. అక్కా, ఇందులో అత్త రహస్యం ఉంది, ఆయన దాచిన ఎనభై మూడు ముక్కలున్నాయి, నేను కప్పిపుచ్చిన నిజముంది. ఎవరి కంటబడినా ముగ్గురం పోలేశ్వరమ్మ ముందు నిలబడాలి. మా కుండలో ఈ కాగితం కరగదు, లేకపోతే నేనే వేసేసేదాన్ని. చదవడం అయిపోగానే మీ పొయ్యిలో పెట్టి కాల్చెయ్యి. బావకు కూడా చూపించకు. పూర్తిగా కాలేదాకా అక్కడే కూర్చో.

నీ చెల్లెలు
నూకరత్నం